జేబు అంచుకు తోలుపట్టీ

మొన్న శనివారం సాయంత్రం హిందూపురంలో మా వీధి చివరి టైలర్ అంగడిలో కూర్చున్నాను. కుట్టుమిషను సూది గుడ్డ మీద నడిచేటప్పుడు చేసే చప్పుడు వేరు, తోలు మీద నడిచేటప్పుడు చేసే చప్పుడు వేరు. తోలు మీద అది పరుగెత్తలేదు. టక్కుమని దిగుతుంది, ఆగుతుంది, టైలర్ చేత్తో చక్రం తిప్పితే మళ్లీ టక్కుమంటుంది. ఆ చప్పుడుతో పాటు పాత తోలు వాసన, ఎన్నోసార్లు చెమటకు తడిసి ఎండిన తోలు వాసన, ముక్కుకు తగిలింది. ముందున్న టీ తాగడం మరిచిపోయాను. టైలర్ మిషను ఆపి, ఆడమనిషి ఖాకీ చొక్కాకు పక్కజేబేమిటి, ఆ జేబుకు తోలేమిటి సార్ అని అడిగాడు. కత్తి పెట్టుకోవడానికి అన్నాను. ఆయన కళ్లద్దాల మీదుగా నన్నొక చూపు చూసి మళ్లీ చక్రం తిప్పసాగాడు. మా వైపు కత్తి అన్న మాట వింటే ఎవరైనా అంతే, తర్వాతి ప్రశ్న మింగేస్తారు.

ఆయన అనుకున్న కత్తి కాదది. అరచేతిలో ఇమిడే మడతకత్తి. పెన్ను మూతకు ఉన్నట్టే దాని పిడికి ఒక పక్క ఉక్కు క్లిప్పు ఉంటుంది. క్లిప్పును జేబు అంచుకు తగిలిస్తే కత్తి లోపల వేలాడుతుంది. నేను కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌ను. వైరు మీది రబ్బరు ఒలవడానికి, తాళ్లు కోయడానికి మాలాంటివాళ్ల దగ్గర అట్లాంటిది ఒకటి ఎప్పుడూ ఉంటుంది. నా జేబులో ఉన్నది మాత్రం నేను కొన్నది కాదు, ఓబులేసన్నది. ఆయన పోయి రెండేళ్లయింది. ఆయన గురించి రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ ఒకచోటికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయేది. ఆ చోట నా తప్పు ఉంది, అందుకే ఆగేది. ఈసారి దాన్ని దాటాలని మొదలుపెడుతున్నాను.

నాకు మొదటి పోస్టింగు పెనుకొండలో ఇచ్చారు. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. గుడిబండ పక్క పల్లెటూరు మాది. ఐటీఐ చదివాను, కొత్తగా పెళ్లయింది, మా నాయన కనిపించిన ప్రతివాడికీ నా ఉద్యోగం గురించి చెప్పి విసిగిస్తున్నాడు. ఓబులేసన్న అక్కడ సీనియర్ లైన్‌మన్. ఇల్లు ధర్మవరంలో. రోజూ పొద్దున ప్యాసింజరు బండిలో వచ్చేవాడు, సాయంత్రం బండికి పోయేవాడు. యాభై దాటిన మనిషి, ఎండకు మాడి కట్టెలాగా ఉండేవాడు. మాట తక్కువ, విసుగెక్కువ. చొక్కా జేబులో వేయించిన చెనక్కాయలు పోసుకుని వచ్చేవాడు. స్తంభం దిగిన ప్రతిసారీ ఒకటి, ఒక్కటంటే ఒక్కటే, ఒలుచుకుని తినేవాడు. ఇంకొకటి తినరాదా అన్నా అంటే, దిగినందుకు ఒగటి, అనేవాడు. నేను అది ఆయన పిసినారితనం అనుకుని నవ్వుకునేవాణ్ణి.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. అది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. పొలాల్లో పని చేసేటప్పుడు ఆ వైపు లైనుకు కరెంటు ఆపే స్విచ్చు ఒకచోట ఉంటుంది, ఎక్కాల్సిన స్తంభం రెండు ఫర్లాంగుల అవతల ఉంటుంది. మధ్యలో మల్బరీ తోటో, గుట్టో అడ్డం. ఒకడు పైకెక్కితే ఇంకొకడు స్విచ్చు దగ్గర కాపలా నిలబడాలి. స్విచ్చు హ్యాండిల్ కిందికి గుంజితే లైను చస్తుంది, పైకి నెడితే మనిషి చస్తాడు, అంతే సంగతి. ఓబులేసన్న హ్యాండిల్ దించి, ఎక్కడానికి పోయే ముందు తన మడతకత్తి తీసి కాపలా ఉన్నవాడి చేతిలో పెట్టేవాడు. వాడు దాన్ని తన జేబుకు తగిలించుకోవాలి. పని అయ్యాక ఆయనే నడిచి వచ్చి చెయ్యి చాపుతాడు. కత్తి ఆయన చేతికి పోయాకే హ్యాండిల్ ముట్టుకోవాలి. కత్తి నీ జేబులో ఉందంటే నేను పైన ఉన్నట్టు అని మొదటిరోజే చెప్పాడు. పైన కత్తి అవసరమైతే ఎట్లా అంటే, పైన కటింగ్ ప్లయరు చాలు, కత్తి నేల మీది పనికే అన్నాడు. అందరి దగ్గరా ఫోన్లున్నాయి కదా, ఈ కత్తి గోల ఎందుకని నేను వాదించాను.

"ఫోన్లో మాట యెవురిదైనా అయితాది. సిగ్నలు యాడుంటాదో యాడుండదో," అని విసుక్కున్నాడు. "నేనొచ్చి చెయ్యి చాపితేనే కత్తి ఇయ్యి. నా పెండ్లాం వొచ్చి అడిగినా ఇయ్యద్దు."

ఆ పద్ధతి మీద ఆయనకున్న పట్టు ఎన్నికలప్పుడు చూశాను. పెనుకొండ బయట పోలీసులు బండ్లు ఆపి సోదా చేస్తున్నారు. ఓబులేసన్న ప్యాంటు జేబు అంచున క్లిప్పు తళుక్కుమంది. వేరే జిల్లా నుంచి డ్యూటీకి వచ్చిన కానిస్టేబుల్ ఒకడు దాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేసి చేతులెత్తమన్నాడు. అతను మాకంటే ఎక్కువ భయపడ్డాడని ఇప్పుడు అర్థమవుతుంది గాని, అప్పుడు నాకు చెమటలు పట్టాయి. మేము కరెంటోళ్లమని గుర్తింపు కార్డులు చూపించినా, కత్తి మాత్రం సాయంత్రం స్టేషనుకు వచ్చి తీసుకోమన్నారు. ఓబులేసన్న సరే సార్ అన్నాడు. పని ఉన్న ఊరికి వచ్చి, కానుగ చెట్టు కింద కూర్చున్నాడు. ఎక్కలేదు. తాగునీళ్ల బోరు ఆగిపోయిందని ఊరివాళ్లు అరిచారు. మా ఇంజనీరు ఫోన్లో అరిచాడు. కత్తి కాకపోతే కాలి చెప్పు ఇచ్చి ఎక్కమన్నాడు, నేను మొహం పక్కకు తిప్పుకుని నవ్వాను. ఓబులేసన్న మాత్రం, ఇరవై రెండేండ్ల నుంచి నా చెయ్యికి ఇదే అలవాటు సార్, కొత్త వస్తువు మీద నా పానం పెట్టను అన్నాడు. చివరికి ఇంజనీరే స్టేషనుకు పోయి, ఎవరితోనో చెప్పించి, మధ్యాహ్నం రెండింటికి కత్తి తెచ్చిచ్చాడు. ఆ రోజు నేను ఇంటికి పోయి మా ఆవిడతో, మా పెద్దాయనకు కొంచెం పిచ్చి అని చెప్పాను.

ఇక జేబు సంగతి. క్లిప్పు లోపలి వైపు పళ్లలాంటి గరుకు ఉంటుంది. జారకుండా పట్టుకునేది అదే, గుడ్డను తినేసేదీ అదే. రోజుకు పదిసార్లు తీసి పెడుతూ ఉంటే జేబు అంచు మొదట నున్నగా అవుతుంది, తర్వాత దారాలు లేస్తాయి, తర్వాత కుట్టు విడిపోతుంది. అప్పుడు క్లిప్పుకు పట్టు దొరకదు. ఓబులేసన్న దీని గురించి చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పేవాడు. క్లిప్పును చెయ్యి దూరే చోట కాకుండా పక్క కుట్టుకు ఆనించి పెట్టాలి. తీసేటప్పుడు గుంజకూడదు, బొటనవేలితో క్లిప్పును పైకి లేపి తీయాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ చోట రెండు వేళ్ల వెడల్పు తోలుపట్టీని అంచు మీదుగా లోపలికి మడిచి రెండు వరుసలు కుట్టించాలి. అప్పుడు క్లిప్పు తోలును కరుచుకుంటుంది, గుడ్డ జోలికి పోదు. తన ప్యాంట్లన్నిటికీ అట్లాగే కుట్టించుకున్నాడు. వెనకటి రోజుల్లో స్తంభం ఎక్కడానికి నడుముకు కట్టుకున్న తోలు బెల్టు ఒకటి ఇంట్లో దాచుకుని, అవసరమైనప్పుడల్లా దాంట్లోంచి ముక్క కోసి తెచ్చేవాడు. నాకూ ఒక ముక్క కోసి తెచ్చాడు. నన్నే మోసింది, కత్తి మొయ్యలేదా, అన్నాడు.

నేను ఆ ముక్కను నా మోటార్‌సైకిల్ పెట్టెలో పడేశాను. ఎందుకంటే సిగ్గు. హిందూపురంలో మా ఆవిడ ఏరి కొన్న సాగే గుడ్డ ప్యాంట్లు వేసుకుని తిరిగే రోజులు. దానికి తోలు అతుకు వేయించుకుంటే చెప్పులు కుట్టేవాడి సంచిలాగా ఉంటుందని నా బాధ. ఓబులేసన్న వారం వారం అడిగేవాడు. రెండుసార్లు రేపు కుట్టిస్తానన్నాను. మూడోసారి అడిగినప్పుడు, చొక్కా అంచు కిందికి లాక్కుని, ఆ, కుట్టిచ్చినా అన్నా, అనేశాను. ఆయన నమ్మాడు. మనుషుల మాట నమ్మని మనిషి, వస్తువు చేతికి వస్తే తప్ప కదలని మనిషి, నా చొక్కా ఎత్తి చూడలేదు.

ఆ వేసవిలో ఒక రాత్రి పెద్ద గాలివాన వచ్చింది. తెల్లవారేసరికి పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో కొమ్మలు విరిగి తీగల మీద పడ్డాయి. పొద్దున ఆరింటి నుంచి తిరుగుతున్నాం. ప్రతిచోటా అదే పని. హ్యాండిల్ దించడం, కత్తి నా చేతికి రావడం, ఆయన పోవడం, వచ్చి చెయ్యి చాపడం, కత్తి ఇవ్వడం, హ్యాండిల్ ఎత్తడం. పదకొండింటికి ఒక మల్బరీ తోటల ఊరికి వచ్చాం. అక్కడ ఒక పని ముగించి, కత్తి తీసుకుని, లైను ఎత్తించాడు. ఎత్తిన అయిదు నిమిషాలకే ఇంకో రెండు స్తంభాల మీద తీగను మోసే పింగాణీ గిన్నెలు పగిలాయని కబురు వచ్చింది. మళ్లీ అదే హ్యాండిల్ దించాం, మళ్లీ అదే కత్తి నా చేతిలో పెట్టాడు. నేను జేబుకు తగిలించుకుని స్విచ్చు స్తంభం కింద కూర్చున్నాను. ఎండ మండిపోతోంది. పొద్దున్నుంచి కడుపులో ఏమీ లేదు. గొంతుకూర్చున్నవాణ్ణి అట్లాగే కాసేపు కళ్లు మూసుకున్నాను.

కొంతసేపటికి ఒక రైతు వచ్చాడు. పురుగులు నాలుగో జ్వరం లేచాయని, తోటకు నీళ్లు పెట్టకపోతే ఆకు వాడిపోతుందని మొర పెట్టుకున్నాడు. నాలుగోసారి పొర విడిచి లేచిన పట్టుపురుగులకు ఆకలెక్కువ, పెంచేవాళ్లకు ఆ వారం రోజులే బతుకు. మా సార్ ఇంకా దిగలేదు, ఆగమన్నాను. "దిగినాడప్పా, ఇంగేమి! ఇప్పుడే నా చెంబుతోనే నీళ్లు తాగినాడు," అన్నాడు ఆయన. అబద్ధం కాదది. ఓబులేసన్న ఒక స్తంభం దిగి, నీళ్లు తాగి, రెండోది ఎక్కాడు. ఆ ఎక్కడం మాత్రం రైతు చూడలేదు. నేను జేబు మీద చెయ్యి వేసుకున్నాను. కత్తి లేదు. జేబులో కత్తి లేదంటే ఆయన తీసుకున్నట్టు. ఇది నాకు అలవాటైన లెక్క. అంతేకాదు, ఆయన వచ్చి నిలబడడం, చెయ్యి చాపడం, నేను కత్తి పెట్టడం కళ్లకు కట్టినట్టు గుర్తొచ్చింది. నిజంగా జరిగిందే అది. కానీ గంట కిందటిది. పొద్దున్నుంచి అయిదుసార్లు చేసిన పనిలో ఏది ఎప్పటిదో నా తల కలిపేసింది. లేచి రెండు చేతులతో హ్యాండిల్ పైకి నెట్టాను.

నెత్తి మీద నీలం మంట లేచింది. చెవులు పగిలేంత చప్పుడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. మోటర్లు ఆగాయి, పిట్టలు ఆగాయి, రైతు తువ్వాలు అడ్డం పెట్టుకుని నేల మీద బోర్లా పడుకున్నాడు. లైను మీద ఎక్కడో నేలకు కలిసిందని, సబ్‌స్టేషన్లో కరెంటు తనంతట తానే కొట్టేసిందని నాకు తెలిసింది. ఎక్కడ కలిసిందో ఆలోచించడానికి నాకు ధైర్యం లేకపోయింది. తోటల్లో అడ్డంపడి పరుగెత్తాను. అన్నా, అన్నా అని అరుస్తున్నాననుకున్నాను గాని గొంతు బయటికి రాలేదని రైతు తర్వాత చెప్పాడు.

ఓబులేసన్న స్తంభాన్ని కావలించుకుని పైనే ఉన్నాడు. బతికే ఉన్నాడు. ఎక్కే ముందు మూడు తీగలనూ కలిపి భూమిలోకి దింపే ఎర్త్ కడ్డీలు తగిలించి ఉన్నాడు, అది ఆయన ఎప్పుడూ మానని పని. కత్తిని నమ్మేవాడే గాని, ఒక్క కత్తినే నమ్మేవాడు కాదు. కరెంటంతా ఆ కడ్డీల వైరు గుండా భూమిలోకి పోయింది. ఆ వైరు కాలి తెగి కింద గడ్డిలో పొగలు కక్కుతోంది. ఆయన కనుబొమ్మలు మాడిపోయాయి. నన్ను చూసి, "యేదీ ముట్టుకోవద్దు రామాంజీ! పో, పోయి హ్యాండిల్ దించు!" అని అరిచాడు. అప్పుడు నాకు వెలిగింది. సబ్‌స్టేషన్లో ఉన్నవాడికి ఇదంతా తెలియదు. కొమ్మ తగిలి పోయిందనుకుని ఇంకోసారి వేసి చూస్తాడు, అది మామూలే. ఈసారి ఆపడానికి ఎర్త్ వైరు లేదు. తోటల మధ్య ఫోన్‌కు సిగ్నలు లేదు, ఆయన దిగేలోపల వేస్తే ఇక అంతే.

మళ్లీ రెండు ఫర్లాంగులు వెనక్కి పరుగెత్తాను. ఆ పరుగే నాకు ఇప్పటికీ కలల్లో వస్తుంది. కలలో మల్బరీ చెట్లు తరగవు. ఇప్పుడు వేస్తాడు, ఇప్పుడు వేస్తాడు అని వెనకనుంచి చప్పుడు కోసం చెవులు పెట్టుకుని పరుగెత్తాను. హ్యాండిల్‌కు వేలాడబడి కిందికి గుంజాను. నా కాళ్ల దగ్గర, నేను గొంతుకూర్చున్న చోట, గడ్డిలో కత్తి పడి ఉంది. దాని క్లిప్పుకు నా ప్యాంటు దారాలు నాలుగు చిక్కుకుని ఉన్నాయి. రెండు నిమిషాలు కాకముందే లైను గుయ్యిమంది. సబ్‌స్టేషన్ వాడు వేశాడు. స్విచ్చు వరకు వచ్చి ఆగింది.

ఓబులేసన్న నడుచుకుంటూ వచ్చి చెయ్యి చాపాడు. కత్తి ఇచ్చాను. క్లిప్పుకున్న దారాలు చూశాడు. నా చొక్కా ఎత్తి, జేబు అంచు మీద బొటనవేలు పెట్టి చూశాడు. వేలు ఆ చిరుగులోంచి బయటికి వచ్చింది.

"కుట్టిచ్చినానంటివే," అన్నాడు.

కొడతాడనుకున్నాను. కొట్టింటే బాగుండేది. ఆయన నేల మీద కూలబడి చొక్కా జేబులోంచి చెనక్కాయ తీశాడు. ఒలవడం చేత కాలేదు. వేళ్లు అంతగా వణుకుతున్నాయి. కాయ జారి మట్టిలో పడితే దాన్నే చూస్తూ, చూడబ్బా నా చేతులు, అన్నాడు, వేరేవాళ్ల చేతులను చూపించినట్టు. నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. సబ్‌స్టేషన్ వాడు ఫోన్ చేస్తే, కొమ్మ పడింది అని చెప్పాడు. నా ఉద్యోగం ఆ ఒక్క మాటతో నిలబడింది. ఆయన అబద్ధం చెప్పగా నేను విన్నది అదొక్కటే.

ఆ సాయంత్రం ఆయన తన రైలు వదులుకుని, రాత్రి బస్సుకు పోతానని, నన్ను పెనుకొండలో టైలర్ దగ్గరికి పట్టుకుపోయాడు. బండి పెట్టెలోంచి ఆ తోలుముక్క ఆయనే తీశాడు. టైలర్ ఇచ్చిన లుంగీ కట్టుకుని నేను బెంచీ మీద కూర్చుంటే, ఆయన పక్కన నిలబడి, ఎక్కడ మడవాలో, ఎన్ని కుట్లు వేయాలో చెప్పాడు. సూది తోలులో టక్కు టక్కున దిగుతోంది. కుట్టు అయిపోయాక క్లిప్పు తగిలించి, జేబు పట్టుకుని గట్టిగా నాలుగుసార్లు కుదిపాడు. కత్తి కదల్లేదు.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. ఉద్యోగం మానేద్దామని, పొద్దున్నే చెప్పేద్దామని అనుకున్నాను. మరుసటి రోజు అదే ఊళ్లో మిగిలిన పని. అదే హ్యాండిల్. ఆయన దాన్ని దించి, కత్తి తీసి నా ముందుకు చాపాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. నన్ను వద్దని, ఇంకెవరినైనా పిలిపించమని బతిమాలాను.

"నిన్న తప్పు జేసినోడు ఈపొద్దు కండ్లు మూయడు," అన్నాడు ఓబులేసన్న. "నాకు అట్లాటోడే గావల్ల. పట్టు."

నలభై నిమిషాలు నిలబడ్డాను. కూర్చోలేదు. ఎడమచెయ్యి జేబు మీది నుంచి తీయలేదు. ఈగ వచ్చి మొహం మీద వాలితే తోలలేదు. కత్తి ఉంది, ఆయన పైన ఉన్నాడు, కత్తి ఉంది, ఆయన పైన ఉన్నాడు అని పెదవుల్లో అనుకుంటూనే ఉన్నాను. ఆయన తోట మలుపు తిరిగి కనిపించాడు. చెయ్యి చాపాడు. కత్తి చేతిలోకి తీసుకుని, తడిసిపోయిందే, అని చొక్కాకు తుడుచుకున్నాడు. చెనక్కాయలు రెండు తీశాడు. ఒకటి తాను ఒలుచుకుని రెండోది నా చేతిలో పెట్టాడు. "ఈపొద్దు నువ్వూ దిగినావు," అన్నాడు.

ఆ తర్వాత ఆయన రిటైరయ్యేదాకా మూడేళ్లు కలిసి పనిచేశాం. ఆయన నన్ను నమ్మాడు, నాకు భయం లేకుండా చేశాడు అని నేను చాలాకాలం అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఆ మరుసటి రోజు పొద్దున ఆయన మొహంలో ఏ భయమూ కనిపించలేదు మరి. భయమంతా నాదే అనుకున్నాను.

రెండేళ్ల కిందట గుండెనొప్పితో ఆయన పోయాడని తెలిసి ధర్మవరం పోయాను. జనం తగ్గాక చూస్తే, ఆయన భార్య నారాయణమ్మ వదిన మగ్గం పక్కన కూర్చుని ఉంది. ఆ ఇంట్లో ఎప్పుడూ మగ్గం చప్పుడు వినిపించేది, ఆ రోజు లేదు. లోపలికి పోయి కత్తి తెచ్చి, ఇది నీకిమ్మని చెప్పి పోయినాడు అంది. నేను దాన్ని పట్టుకుని, ఇన్నాళ్లూ చెప్పలేనిది ఆమెకు చెప్పేశాను. అబద్ధం, చిరిగిన జేబు, హ్యాండిల్, అంతా. ఆమె ఆశ్చర్యపోలేదు. అదంతా ఆ రాత్రే తనకు చెప్పాడంది. అన్నం తినలేదట. వాని చేతికి యింగ కత్తి ఇయ్యను, ఇస్తే నేను మనిషినే కాదు అని గోడకు తిరిగి పడుకున్నాడట.

"తెల్లారి చూస్తే బండికి తయారైనాడు," అంది వదిన. "వాకిట్లోకి పోయినోడు మళ్లీ లోపలికొచ్చినాడు. పెట్టె తెరిచి, ఇన్సూరెన్సు కాగితాలు యాడుండాయో, ఇంటి పత్రం యాడుండాదో నాకు చూపిచ్చినాడప్పా. ఎందుకు చూపిస్తాండావంటే చెప్పల్యా. ఈపొద్దు గూడా ఆ పిల్లోనికే ఇస్తా, ఇయ్యకపోతే వాడు యింగ బతుకులో యే హ్యాండిలూ ముట్టుకోలేడు, అనె. చెప్పులేసుకుని పోయె."

ఆ రోజు తోటలకు అవతల, నాకు కనిపించని స్తంభం మీద, ఆయన ఆ నలభై నిమిషాలు ఎట్లా పనిచేశాడో ఇప్పటికీ ఊహించలేను. నేను కింద భయపడ్డాను, నిజమే. నా భయం ఇంకొకరి ప్రాణం గురించి. ఆయన భయం తన ప్రాణం గురించి, అదీ నా చేతిలో పెట్టి. ఆయన మిగిల్చి పోయిన తోలు బెల్టు ముక్కను కూడా వదిన కత్తితో పాటు ఇచ్చింది. దాంట్లో ఇక ఒక జేబుకు సరిపడే తోలే ఉండింది.

ఇప్పుడు నేను హిందూపురంలో సీనియర్‌ను. రెండు వారాల కిందట నా దగ్గరికి భాగ్య అనే అమ్మాయి కొత్తగా డ్యూటీకి వచ్చింది. నల్లచెరువు వైపు ఊరు. చురుకైన మనిషి. కానీ ఆమె చుడీదారుకు జేబే లేదు, పైన వేసుకునే ఖాకీ చొక్కాకు ఉన్నది పెన్ను పట్టేంత జేబు. అందుకే శనివారం ఆ చొక్కా అడిగి తీసుకుని టైలర్ దగ్గర కూర్చున్నాను. చివరి తోలుముక్క దానికి పోయింది. ఈ రెండు వారాలూ ఏదో ఒక వంక పెట్టి ఆమెను కాపలా నిలబెట్టకుండా తప్పించాను. ఆమె పనిలో లోపమేమీ లేదు. నాకు భయం, అంతే.

సోమవారం పొద్దున బయల్దేరుతూ మా ఆవిడను బీరువా దగ్గరికి పిలిచాను. కాగితాలు ఎక్కడున్నాయో చూపించబోతే ఆమెకు కోపం వచ్చింది. పొద్దున్నే ఇవేం మాటలు, ఇంతకాలం లేనిది ఇప్పుడేమొచ్చింది అని గదమాయించింది. ఊరికేలే అన్నాను. ఊరికే కాదని ఆమెకు తెలిసిపోయింది. గుమ్మం దాకా వచ్చి, నేను వీధి మలుపు తిరిగేదాకా నిలబడింది.

లేపాక్షి దారిలో పని. హ్యాండిల్ దించాను. ఎర్త్ కడ్డీలు భుజాన వేసుకున్నాను. భాగ్య జేబు అంచున తోలు కొత్త కుట్లతో బిగువుగా ఉంది. కత్తి ఆమె చేతిలో పెట్టి, నేనొచ్చి చెయ్యి చాపితేనే ఇవ్వమ్మా అని చెప్పాను. నా ఫోన్ వచ్చినా హ్యాండిల్ ముట్టుకోవద్దు. ఆమె తల ఊపి, బొటనవేలితో క్లిప్పు లేపి జేబుకు తగిలించుకుంది. నేను స్తంభం వైపు నడిచాను. వెనక్కి తిరిగి చూడాలని మెడ గుంజింది. చూడలేదు. పైన ఉన్నంతసేపూ ప్లయరు పట్టుకున్న చెయ్యి నాదే అయినా నా మనసంతా ఆ జేబు అంచు మీదే ఉంది. ఓబులేసన్న తలపుకు రాని నిమిషం లేదు.

దిగి నడుచుకుంటూ వచ్చాను. ఆమె కూర్చోలేదు. ఎడమచెయ్యి జేబు మీద ఉంది. పెదవులు కదులుతున్నాయి. నేను చెయ్యి చాపాను. ఆమె కత్తి తీసి నా అరచేతిలో పెట్టింది. తడిగా ఉంది. చొక్కాకు తుడుచుకుని జేబుకు తగిలించుకున్నాను.